ఏటి ఫెర్న్ చిగురు తుంచాను

నేను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక మొక్కల ల్యాబ్‌లో ఆకులు కొలిచే పని చేస్తాను. ఇల్లు ఆ ఊళ్లోనే ఫ్లాట్ బుష్ అనే పేటలో. ఇంట్లో నేనూ, మా అమ్మాయీ ఉండేవాళ్లం. నర్సు ఉద్యోగానికి అది టౌరంగా అనే ఊరు వెళ్లిపోయాక తెలుగు మాట్లాడటానికి నాకు కుక్కరే మిగిలింది.

ఆ ఏడాది ల్యాబ్‌లో రెండు రకాల ఫెర్న్ మొక్కలు, పువ్వు పూయనివి, ఒకే గదిలో, కుండీల్లో పెంచాం. ఒకటి అడవిది, ఆకు వెడల్పు. రెండోది ఏటి ఒడ్డు రాళ్లలో పెరిగేది, వరద వచ్చినప్పుడల్లా మునిగేది, ఆకు సన్నం. నీటి ఒరిపిడికే అలా అయిపోయిందని నా నమ్మకం. ఇక్కడ వరద లేదు కదా, ఇదీ విప్పారుతుందిలే అనుకున్నాను. నిజానికి ఆ ఆశ ఫెర్న్ గురించి కాదు.

ఈ దేశం వచ్చినప్పుడు మా అమ్మాయికి ఏడేళ్లు. అప్పటి నుంచీ ఎవరితోనూ కలవదు. నేనే తెచ్చి దాన్ని ముడుచుకుపోయేలా చేశానని బాధ. అందుకే ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసి, "అక్కడ మనవాళ్ల ప్రేయర్‌కి వెళ్లావా? ఎవరితో మాట్లాడావు?" అని దాని ప్రాణం తీసేదాన్ని. ఒక ఆదివారం అది, "అమ్మా, నేనింతే. ప్లీజ్, నన్ను ఫిక్స్ చెయ్యకు," అని పెట్టేసింది. మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే సన్న ఫెర్న్‌కు చుట్టచుట్టుకున్న చిగుళ్లు రెండు వచ్చాయి. కరివేపాకు కొన తుంచితే గుబురుగా వస్తుందని మనకు పుట్టుకతో వచ్చిన తెలివి ఒకటుంది కదా. గోటితో ఒకటి తుంచేశాను. ఆ ఆకు అక్కడితో పోయింది. పక్కనుంచి ఏమీ రాలేదు. కొలతల పట్టికలో ఖాళీ మిగిలింది.

మా ల్యాబ్ పెద్దావిడ కివీ, ఇక్కడే పుట్టిన మనిషి. ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. తిట్టలేదు. రెండో చిగురు విప్పుకున్నాక ఆ ఆకును మైక్రోస్కోప్ కింద చూపించింది. రెండు ఫెర్న్‌ల ఆకులూ మొదట ఒకేలా ఉంటాయట. ఏటి ఫెర్న్‌లో మాత్రం అంచుల దగ్గర పెరుగుదల ముందే ఆగిపోతుంది. అందుకే నీటి ఒరిపిడి లేని గదిలోనూ సన్నగానే వచ్చింది. ఏరు దాన్ని అరగదీయలేదు, దాని తీరే అది, వరదలో వెడల్పాటి ఆకు చిరిగిపోయినా ఇది నిలుస్తుంది అని చెప్పింది.

కారులో కూర్చుని ఏడ్చాను. సిగ్గేసింది. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

"ఏమీ అడగను, ఊరికే చేస్తా," అని అమ్మాయికి మెసేజ్ పెట్టి ఫోన్ చేశాను. ఎత్తింది. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. అడగడం మానేస్తే నా దగ్గర మాటలే లేవని అప్పుడు తెలిసింది. అటు కెటిల్ మరుగుతున్న చప్పుడు వినబడుతోంది. చాలాసేపయింది. దానికి విసుగొచ్చి ఉంటుందని, "సరే మరి, పెట్టేస్తా," అన్నాను.

"ఉండమ్మా," అంది. "ఇలా బాగుంది."