బయటికి గీయించిన బాణం

నేను కిరాణా దుకాణం వెనకగదిలో పెరిగినదాన్ని. త్రాసు ముల్లు నడిమికి వస్తేనే పొట్లం చేతికివ్వాలన్నది మా ఇంటి చదువు. ఇప్పుడు రాయదుర్గంలో ఒక ఆఫీసుకు కొనుగోళ్లు చూస్తున్నా, ఆ ముల్లు నా బుర్రలోంచి పోలేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఫిజిక్స్‌కు దెబ్బ అక్కడే తగిలింది.

మలుపు తిరిగే కారు మీద పనిచేసే బలాలను బాణాలతో గీయాలి. కారు బరువు కిందికి, రోడ్డు తోపు పైకి, టైర్ల ఘర్షణ మలుపు లోపలికి గీసి చూపించింది.

"లోపలికుంది, మరి బయటికేది బిడ్డా? ఒక్క దిక్కే మొగ్గుంటే ఎట్ల నిలుస్తది?" అని, అంతే పొడవున బయటికొకటి గీయించాను. పరీక్షలోనూ ప్రతి బొమ్మకూ అదే గీసి వచ్చింది. మార్కులు పోయాయి. మళ్లీ పెట్టే పరీక్షలో కూడా తప్పితే వేరే సెక్షన్‌కు మారుస్తామన్నారు. కాలేజీలో ఆమెకున్న ఒకే ఒక స్నేహితురాలు ఈ సెక్షన్‌లోనే ఉంది.

బేరం నాకు కొత్త కాదు కదా, అమ్మాయిని తీసుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లాను.

"మూడు బాణాలు మంచిగనే ఉన్నయి కద సార్. నాలుగోది కొసరనుకోండ్రి. కొసరేస్తే మార్కులు కోస్తరా?"

ఆయన కోస్తా జిల్లాల మనిషి, నెమ్మదిగా నవ్వాడు. "బరువు భూమి ఇచ్చిందండి. ఘర్షణ రోడ్డు ఇచ్చింది. మీ కొసరు ఎవరిచ్చారో చెప్పండి, మార్కులన్నీ వేసేస్తాను."

గాలి అన్నాను. కాదన్నాడు. కారే అన్నాను. "తనను తాను తోసుకోదు కదండీ."

"మరి మలుపుల మనం పక్కకు ఒరుగుతం కద సార్?"

"మీరు తిన్నగా పోబోతుంటే బండి తిరిగిందండి. మిమ్మల్నెవరూ బయటికి తొయ్యలేదు. లోపలికీ బయటికీ సరితూగిందనుకోండి, కారు మలుపే తిరగదు."

అమ్మేవాడే లేని సరుకుకు ఇంతసేపు బేరమాడినది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గేటు దాటాక అమ్మాయి అంది: "మమ్మీ, టమాటలు కొననీకి నిన్ను పిలుస్త. ఫిజిక్స్‌కు పిలవ."

పరీక్ష ముందు సాయంత్రం, తాడు కట్టి నిలువుగా తిప్పే రాయిని గీసింది. రాయి పైకొచ్చినచోట బరువు, తాడు లాగుడు రెండూ కిందికే. పైకి ఒక్కటీ లేదు. పైకొకటి గీయాలని నా చెయ్యి దురదపెట్టింది.

"అట్లయితే రాయి కింద పడదా?"

"పక్కకు ఉరుకుతది కద మమ్మీ. అందుకే కింద పడకుండ తిరుగుతది." తలెత్తకుండానే చెప్పింది. "పైకెవరు లాగుతున్నరో నువ్వే చెప్పు."

పెన్సిల్ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గొప్ప మార్కులేం రాలేదు కానీ, సెక్షన్ నిలిచింది. మార్కులు తెలిసిన సాయంత్రమే స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ మంచం మీద కాగితాలు పరుచుకుని గుసగుసలాడుతుంటే, టీ అక్కడ పెట్టి, ఏం గీస్తున్నారో చూడకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చాను.