చేతి మీద రాసుకున్న తాళంచెవి

చిన్నరాములు ముందు కొట్టేవాడు, తరువాత అడిగేవాడు. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో అతని గురించి మొదట చెప్పే మాట అదే. రెండో మాట, ఎవరికి రక్తం కావాలన్నా తెచ్చిపెడతాడని.

ఇనుప రేకులు ఒత్తే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ప్రెస్ మిషన్ పక్కన నిలబడ్డాడు. ఆ మిషన్ దెబ్బదెబ్బకీ నేల ఉలిక్కిపడేది. గదికొచ్చి పడుకున్నా ఆ దెబ్బ అతని పిడికిట్లో కొట్టుకుంటూనే ఉండేది.

ఒక వానాకాలం ఆ మిషన్ అతని దోస్తు పెంటయ్య చేతులు రెండూ మింగింది. పెంటయ్యది ఓ నెగెటివ్, ఎక్కడో ఒకరికి ఉండే రక్తం. చిన్నరాములు గేటు దగ్గర కనబడినవాణ్ణల్లా చొక్కా పట్టుకుని లాగాడు. చివరికి ఇద్దరు దొరికారు: క్యాంటీన్‌లో వంట చేసే అరుణమ్మ, బాయిలర్ దగ్గర పనిచేసే ఒడిశా మనిషి. సరిపోలేదు. పెంటయ్య తెల్లబడుతూ తెల్లబడుతూ, ఉతికిన గుడ్డలా అయిపోయి, పోయాడు.

మరుసటి ఏడాది చిన్నరాములు నెట్ సెంటర్‌లో కూర్చుని అప్పట్లో అందరూ దోస్తీలు కట్టే ఆర్కుట్ సైటు నేర్చుకున్నాడు. రక్తమిచ్చేవాళ్లని అందులో పోగుచేశాడు. 'లోన్లీ కింగ్', 'స్వీట్ పాయిజన్' లాంటి పేర్లు, మొహాల బదులు పువ్వులు, పులులు. 2008 నాటికి మూడు వందల మంది. వాళ్ల పేజీ మీద రెండు ముక్కల కబురు, ఒక్క స్క్రాప్ రాస్తే చాలు, మనిషి ఆసుపత్రికి వచ్చేవాడు. ఎవరి ఫోన్ నంబరూ రాసుకోలేదు. అంతా అందులోనే ఉంది కదా అనుకున్నాడు. మెల్లగా అందులో లేనివాళ్లు అతని మనసులోంచి కూడా జారిపోయారు.

పాస్‌వర్డ్ మల్లవ్వ. అతని తల్లి పేరు. చిన్నప్పుడు జాతరలో కొడుకు తప్పిపోతే ఎవరో ఒకరు చదివి తెచ్చి అప్పజెప్తారని ఆమె తన పేరును వాడి ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించింది. వాడు తప్పిపోలేదు. ఆ పేరు మాత్రం చేతి మీద ఉండిపోయింది.

మొగులయ్య కాంట్రాక్టర్ దగ్గర మేస్త్రీ. రక్తం పేరుతో డ్యూటీ ఎగ్గొడుతున్నావని గేటు దగ్గర తల్లిని కలిపి తిట్టాడు. చిన్నరాములు చెంప పగలగొట్టాడు. షిఫ్టంతా చూసింది. మొగులయ్య నోట్లో రక్తం ఉమ్మి వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి చిన్నరాములు పేరుతో మూడు వందల మందికీ బూతులు వెళ్లాయి. వాళ్ల అక్కచెల్లెళ్లను కలిపి రాసిన మాటలు. అతను మల్లవ్వ అని కొడితే తలుపు తెరుచుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం నెట్ సెంటర్‌లోకి వెళ్లేసరికి మొగులయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు.

"నా అకౌంట్ల చొచ్చింది నువ్వేనా?"

"సెయ్యి మీద తాళంచెవి రాసుకొని బజార్ల తిరుగుతవ్. నాకు సదువొస్తదన్న సంగతి మర్సినవా?" మొగులయ్య నవ్వాడు. "ఇప్పుడు నేను పెట్టిన పాస్‌వర్డ్ ఉంది. కాళ్లు పట్టుకో, చెప్త."

చిన్నరాములు కాళ్లు పట్టుకోలేదు, మెడ పట్టుకున్నాడు. పన్నెండేళ్ల ప్రెస్ మిషన్ అతని భుజంలోంచి దిగింది. మొగులయ్య అద్దాల తలుపు మీద పడ్డాడు. తలుపు పగిలి వెన్నెలలా అతని మీద కురిసింది. ఒక పెంకు చంకలో దిగింది. రక్తం గుమ్మం దాటి, మెట్టు దిగి, దుమ్ములోకి వెచ్చగా నడిచింది.

చిన్నరాములే అతన్ని ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి చేర్చాడు. డాక్టర్ అన్నాడు: "ఓ నెగెటివ్. మా దగ్గర లేదు. సాయంత్రం లోపల రెండు బాటిళ్లు తేవాలి."

చిన్నరాములు మొగులయ్య చెవి దగ్గర వంగాడు. "మొగులూ, పాస్‌వర్డ్ చెప్పు. నీకోసమే అడుగుతున్న." భుజం పట్టి ఊపాడు. నర్సు అతన్ని వెనక్కి నెట్టింది. తాళంచెవి నోట్లో ఉన్నవాణ్ణి తానే పండబెట్టాడు. వీడు పోతే అది ఖూనీ. అంతకంటే ఎక్కువగా, ఆ మొహం పెంటయ్యలా తెల్లబడుతోంది.

మూడు వందల మందిలో ఎక్కడ దొరుకుతాడో అతనికి తెలిసింది ఒక్కడే. 'లోన్లీ కింగ్', చౌరస్తాలో రీచార్జ్ దుకాణం. మిగతావాళ్లకు వాడైనా కబురు పెడతాడని ఉరికాడు. వాడు కౌంటర్ దాటి వచ్చి నోటి మీద గుద్దాడు.

"నా చెల్లె గురించి ఏం రాసినవ్ రా?"

రెండోసారి గుద్దాడు. చిన్నరాములు చేతులు కిందికే వేలాడుతున్నాయి. ఇస్నాపూర్ అతన్ని అలా చూడటం అదే మొదలు. నోట్లో ఊగుతున్న పన్నును నాలుకతో తడుముతుంటే రక్తం రుచి తగిలింది. ఆ రుచి వెనకే పెంటయ్య గుర్తొచ్చాడు. పెంటయ్య వెనక, పక్క మంచం మీద చేయి చాపి పడుకున్న అరుణమ్మ. రోజూ ఆమె చేతి అన్నమే తింటున్నాడు.

అరుణమ్మ గది ముందు బియ్యం చెరుగుతోంది.

"అక్కా, రక్తం కావాలె. నీదే."

"నీ మూతి ఎవడు పగలగొట్టిండు?"

"అది ఇడిసిపెట్టు. మొగులయ్య సావుబతుకుల ఉన్నడు."

"మేస్త్రీయా? వాన్ని ఎవడు కొట్టిండు?"

"నేనే."

అరుణమ్మ చేట కింద పెట్టింది. "కొట్టేది నువ్వు, రక్తం నాది. మంచిగుందిరా నీ బేరం." చెప్పులు వేసుకుంది. "ఎన్ని బాటిళ్లు?"

"రెండు."

"బాయిలర్ ఆయన ఉన్నడు గద. మూడో లైన్ గదులల్ల ఉంటడు. ఆదివారం బట్టలు ఉతుక్కుంటడు, దొరుకుతడు. మూడేండ్లల్ల ఒక్కసారన్న వోయి పలకరించినవా?"

చిన్నరాములు మూడో లైన్‌కు ఉరికాడు. తడి చేతులతోనే ఒడిశా మనిషి ఆటో ఎక్కాడు.

పోలీసులు చిన్నరాములును రెండు రోజులు ఉంచుకుని, కేసు రాసి, పూచీ మీద వదిలారు. మూడో రోజు కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్లాడు. మొగులయ్య కళ్లు తెరిచే ఉన్నాడు.

"పాస్‌వర్డ్ కావాల్నా?" గొంతు ఎండుటాకులా ఉంది.

"వద్దు. ఉంచుకో. నీ గది ఏ లైన్ల?"

"ఎందుకు, మళ్ల కొడ్తవా?"

"నీదీ దొరకని రక్తమే. రేపు ఎవలకన్న అక్కర పడితే యాడికి రావాలె నేను?"

మొగులయ్య మొహం అతని వైపు తిప్పాడు. "రేషన్ దుకాణం ఎనక. నీలి తలుపు."

చిన్నరాములు నర్సు దగ్గర పెన్ను అడిగి తెచ్చుకున్నాడు. మల్లవ్వ కింద, ముంజేతి మీద, 'రేషన్ దుకాణం ఎనక, నీలి తలుపు' అని ఒక్కొక్క అక్షరమే రాశాడు.

"మళ్ల సెయ్యి మీదనే రాస్తున్నవా?"

"రాయనియ్యి," అన్నాడు చిన్నరాములు. "ఇది ఎవడు సదివినా మంచిదే."