తోమి తోమి అరగదీసిన రాగిరేకు

మా మేనత్తగారు పోయారు. మా అన్నగారు రాసిన కార్డు వల్ల సంగతి తెలిసింది. "మేనత్తగారు శనివారం ఉదయం కాలము చేసిరి. పదవనాటికి తప్పక రావలెను. వంశమర్యాదకు లోటు లేకుండ జరిపించుచున్నాము." మనిషికి ఒక వాక్యం, నాకు ఒక వాక్యం, వంశానికి ఒక వాక్యం. ఇరవై ఏళ్ళు ఆవిడకు గొడ్లసావిడి పక్క వసారాలో విడిగా విస్తరి వేసినవాళ్ళు వంశమర్యాద గురించి రాస్తున్నారు! కార్డు చింపబోయి ఆగాను. మా ఇంట్లో ఆవిడ గురించి ఎవరైనా కాగితం మీద పెట్టిన మాట అదొక్కటే.

మా వంశానికి ఒక రాగిరేకు ఉంది. ఎవరో ప్రభువు మా ముత్తాతగారి తాతకు పొలం రాసిచ్చిన రేకు. దేవుడి గదిలో చందనపు పెట్టెలో ఉంటుంది. ఏటా శ్రీరామనవమికి బయటికి తీసి, చింతపండూ బూడిదా వేసి తళతళలాడేట్టు తోమి, గంధం పూసి, హారతిచ్చి, మళ్ళీ పెట్టెలో పెడతారు. చదవరు. మా నాన్నగారు చదవలేదు. తాతగారు చదివినట్టు చెప్పిన వాళ్ళు లేరు. దణ్ణం పెట్టేదాన్ని చదివితే పాపమని కాబోలు మనవాళ్ళ నమ్మకం!

తోమే పని మేనత్తగారిది. పన్నెండో ఏట పసుపుకుంకాలు పోయి పుట్టింటికి చేరిన మనిషి. పూజ వేళకు ఎదురు రాకూడదు గాని, పూజకు ముందు తోమిపెట్టవచ్చు. మన ఆచారాల సౌకర్యం అటువంటిది.

నేను రాజమహేంద్రవరంలో కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చిన ఏడు, బావిగట్టు మీద రేకు తోముతూ నన్ను పిలిచారు.

"ఒరే అబ్బాయీ, ఈ వంపులో ఎప్పుడూ బూడిద ఇరుక్కుంటుందిరా. ఇదేం అక్షరం?"

"ఏదైతేనేం అత్తయ్యా? కరిగించి చెంబు చేయించుకుంటే దేనికన్నా పనికొస్తుంది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "అలాగే చేయిద్దాంలే. ఆ చెంబుతో నీళ్ళెవరికి పోస్తావో చెప్పు ముందు."

పూర్వాచారాలన్నిటినీ ఒక్క వేసవిలో తగలబెట్టేద్దామనుకునే వయస్సు నాది. వాదానికి వాదం ఉండేది నా దగ్గర. ఆ ప్రశ్న దాటెయ్యడానికి ఆవిడ చేతిలో రేకు తీసుకుని ఆ అక్షరం పేరు చెప్పాను.

ఆ సెలవుల్లోనే ఆవిడ అక్షరాలు నేర్చుకున్నారు. అంతకు ముందే వాటిని వేళ్ళతో ఎరుగుదురు గనుక ఎన్నాళ్ళో పట్టలేదు. మరుసటి ఏడు రేకు మొత్తం చదివారు. రేవుకు పోయే బాటసారులకు వేసవి మూడు నెలలూ చలివేంద్రం పెట్టి, ఎవరని అడగక నీళ్ళూ మజ్జిగా పోయవలెను, అందుకే ఈ భూమి ఇస్తున్నాము అని ఉంది అందులో. ఆనకట్ట పడి, కాలువ వచ్చి, ఆ భూమి రెండు పంటలు పండుతోంది. ఆ అన్నమే మేం తింటున్నాం. చలివేంద్రాన్ని చూసిన మనిషి మాత్రం ఊళ్ళో లేడు.

ఆవిడ తిన్నగా మా నాన్నగారి దగ్గరికి వెళ్ళారు. నేనక్కడే ఉన్నాను.

"తమ్ముడూ, మనం తినేది చలివేంద్రం పొలంరా."

"అక్కయ్యా, శాసనాలతో నీకేం పని? తోమడం నీ వంతు."

"తోముతూనే చదివాను."

"ఆ దారే లేదిప్పుడు. జనం పడవల మీద పోతున్నారు. చలివేంద్రం ఎవరికి, కాకులకా?"

"దారి మారితే దాహం పోతుందిట్రా?"

నాన్నగారు కండువా దులుపుకుని లేచిపోయారు. మా ఇంట్లో వాదాలకు అదే ముగింపు.

ఆ చైత్రంలోనే ఆవిడ కాలువ లాకు దగ్గర తాటాకు పందిరి వేయించి రెండు కుండలు పెట్టించారు. లాకు తలుపులు తీసేదాకా పడవలు ఆగుతాయి గదా, ఎండలో పడవలు లాగి వచ్చినవాళ్ళు గట్టు మీద కూలబడేది అక్కడే. తెల్లారకుండా మడి కట్టుకుని ఇంటి వంట ముగించి, ముసుగు సర్దుకుని బయల్దేరేవారు. కుండలో వట్టివేళ్ళు, మజ్జిగలో దబ్బాకు. ఎవరైనా తమ ఊరూ పేరూ చెప్పబోతే, "ముందు తాగు నాయనా. పేరడిగేలోపు నీళ్ళు వెచ్చబడతాయి," అనేవారు.

అయితే పాఠకులారా, పోయినవారి మీద అబద్ధం రాయను. మొదటి వేసవి ఆవిడా అందరికీ ఒకలా పోయలేదు. అంటరానివారని మనం పేరుపెట్టినవాళ్ళకి పందిరి అవతలకు ఒక వెదురు గొట్టం ఉండేది. ఇవతల పోస్తే అవతల దోసిట్లో పడాలి. ఆవిడ నోట రేకు సంగతి విన్న, పడవ లాగే ముసలాయన ఒకడు ఆ గొట్టం కింద దోసిలి పట్టి అడిగాడట, "అమ్మగోరూ, ఆ రాగిరేకులో ఈ గొట్టం సంగతి కూడా రాశారాండీ?"

"ఆ సాయంత్రమే గొట్టం ఊడబెరికానురా," అని ఆవిడే నాకు చెప్పారు. "ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను. ఆ పూట పప్పు దాని మీదే ఉడికింది."

మర్నాటి నుంచి చెంబుతో నేరుగా పోశారు. వారం తిరక్కుండా ఊరంతా తెలిసింది. ఆవిడ వంట మాన్పించారు, విస్తరి వసారాలోకి మార్చారు, రేకు ముట్టవద్దన్నారు. ఆవిడకు నొప్పి తగిలింది ఆ చివరిదాని దగ్గరే. ఇంటికొచ్చిన కోడళ్ళు ఇటుకపొడి పెట్టి తోమడం మొదలెట్టారు. నాన్నగారి తరువాత అన్నగారు ఇంటిపెద్ద అయ్యారు. గుమ్మం అవతల నిలబడి ఆయన్ని బతిమాలారు మేనత్తగారు: "పసుపు రాసుకోండి, పువ్వులు పెట్టుకోండి, తోమకండిరా నాయనా. అక్షరాలు పోతున్నాయి."

"మకిలి పట్టిన వంశం అనిపించుకోమంటావా అత్తయ్యా?" అన్నారు అన్నగారు.

నాతో ఒకసారి అన్నారు: "ప్రభువు పొలం ఇచ్చాడని ఊరంతా చెప్పుకుంటాంరా. పని ఒప్పజెప్పాడని ఒక్కడూ చెప్పడేం?" ఆ మాట మీదే అడిగారు, "నాకు చదవడమే గాని రాత కుదరదు. రేకులోది అక్షరం పొల్లుపోకుండా చెబుతాను, రాసి అచ్చు వేయించు."

"స్త్రీవిద్య మీద వ్యాసం అచ్చులో ఉంది అత్తయ్యా. అదవగానే చూద్దాం," అన్నాను నేను. తరువాత వితంతువుల దురవస్థ మీద రాశాను. ఆ తరువాత మరొకటి. చదువుకున్న వితంతువు ఎదురుగా కూర్చుని చెబుతానంటే వినడానికి తీరిక లేకపోయింది నాకు.

పదోరోజుకు వెళ్ళాను. బంధువులు నిండుగా వచ్చారు, నెయ్యి ధారాళంగా ప్రవహించింది. భోజనాలయ్యాక అన్నగారితో అన్నాను, ఆవిడ పేర ఆ చలివేంద్రం నిలబెడదాం, అది మన రేకులో ఉన్నదే గదా అని.

"రేకులో ఉందా?" అన్నారాయన, నవ్వుతూనే. లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చారు. "ఏదీ, చూపించు."

బంధువులు మెడలు సాచారు. "ఆహా, నిన్న పోతపోసినట్టుంది!" అన్నారొకరు. నిజమే. వేలితో తడిమాను, మీద నుంచి కింద దాకా. గాజులా నున్నగా ఉంది. ఒక్క గీత తగల్లేదు. మా అన్నదమ్ములిద్దరి మొహాలూ అందులో పక్కపక్కన కనబడ్డాయి. అంత బాగా పోలికలున్నాయని నాకెప్పుడూ తోచలేదు.

ఆ మధ్యాహ్నమే తిరుగు పడవెక్కాను. లాకు దగ్గర ఆగింది. పందిరి కింద కుండలు ఎండిపోయి ఉంటాయనుకుంటూ దిగాను. కుండలు నిండుగా ఉన్నాయి, చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది. పడవ లాగే ఆ ముసలాయన కోడలట, మేనత్తగారి ఇత్తడి చెంబు పట్టుకుని పడవవాళ్ళకి పోస్తోంది. అమ్మగారు మంచాన పడ్డ రోజు నుంచీ తనే పోస్తున్నానంది. నేను దోసిలి పట్టాను. ఆమె చెంబు ఎత్తి అలాగే నిలబడిపోయింది.

"తవరు అమ్మగోరి మేనల్లుడుగోరు కదండీ... మా చేతి నీళ్ళు..."

"పొయ్యమ్మా," అన్నాను.

పోసింది. దోసిలి నోటిదాకా తెచ్చి, తాగబోయేముందు, మా వీధివాళ్ళెవరైనా గట్టు మీద ఉన్నారేమోనని ఒక్కసారి వెనక్కి చూశాను. అలా చూడటం ఆమె చూసింది. నేను మళ్ళీ తల తిప్పుకునేలోపు దోసిట్లో నీళ్ళు సగం కారిపోయాయి.