లస్కరు గారి నిండు కాలువ

2023 ఆగస్టు. పటమటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి, రెండో అంతస్తు, జీర్ణకోశ విభాగం చివరి గది. గదిలో ఉన్నవి: వాలుకుర్చీ ఒకటి, రోగికీ వెంట వచ్చినవాళ్లకూ మామూలు కుర్చీలు మూడు, నా బల్ల, నీళ్ల సీసా, నేను తయారుచేసిన పదకొండు గడుల ఫారం, బ్యాటరీ తీసేసిన గోడగడియారం. దాని టిక్కుటిక్కు రోగుల ధ్యాస చెడగొడుతోందని నేనే తీసేశాను. ఉన్నవాళ్లు: నేను, దేవసహాయం గారు. కుర్చీలు రెండు ఖాళీ. మా దగ్గరికి ఎవరైనా భార్యతోనో, కొడుకుతోనో, కనీసం పక్కింటాయనతోనో వస్తారు. ఆయన ఒక్కరే వచ్చారు.

పేరు మార్చాను. వయసు యాభై ఆరు. ఉయ్యూరు దాటాక ఒక లాకుల దగ్గర లస్కరు, అంటే కాలువ తలుపులు ఎత్తి దించే ఉద్యోగి. ఇరవై ఏడేళ్లుగా లాకుల పక్క క్వార్టర్‌లోనే కాపురం. రక్తపరీక్షలు, స్కానింగు, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. డాక్టరు రాసిన జబ్బు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐబీఎస్. ఇందులో పేగుకి పుండు, వాపు ఉండవు. పేగుకీ మెదడుకీ మధ్య సంకేతాలు అతిగా నడుస్తాయి. నొప్పి మాత్రం నిజం, బాత్రూముకి పరుగూ నిజం. భయపడితే పెరుగుతుంది, పెరిగిందని మళ్లీ భయం. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి క్లినికల్ సైకాలజీకి మారినవాణ్ని. మైకు స్పీకరు దగ్గరికి పోతే కూత పెట్టినట్టు అని రోగులకు చెబుతుంటాను. మందులతో పూర్తిగా కుదుటపడని వాళ్లను డాక్టర్లు నా దగ్గరికి పంపుతారు.

ఆయన లాకుల దగ్గర్నించి పటమటకి మోపెడ్ మీద గంట ప్రయాణం. పదిన్నర అపాయింట్‌మెంట్‌కి ఆయన ఆరింటికే బయల్దేరారు. దారిలో ఆగదగిన చోట్లు ఆయనకు ఎనిమిది తెలుసు: పెట్రోలు బంకులు మూడు, తెలిసినవాళ్ల రైసుమిల్లు ఒకటి, చర్చి వెనక ఒకటి, మిగతా మూడూ చెట్ల చాటు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఇవన్నీ ఫారంలో నింపాను. ఎందుకు వచ్చారో ఆ తర్వాత అడిగాను.

ఆయన భార్య సువార్తమ్మ గారు బందరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయా. అక్కడే ఉంటూ నెలకో ఆదివారం లాకులకి వచ్చి వెళ్లేవారు. ఆ ఏప్రిల్లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ దేవసహాయం గారు వెళ్లి కూర్చున్నారు. అక్కడ బాత్రూములున్నాయి. క్వార్టర్‌లో పగలు చూసుకునే మనిషి లేక ఆమెను మళ్లీ హాస్టల్‌కే తీసుకెళ్లారు. అక్కడికి మాత్రం ఆయన ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె బస్సెక్కలేరు, ఈయన వెళ్లరు. బావకి లాకు తలుపుల మీదున్న ప్రేమ మా అక్క మీద లేదని బావమరిది నలుగురిలో అంటున్నాడట. ఈయన నవ్వి ఊరుకుంటున్నారట.

"వందమంది ఆడపిల్లలుండే చోటండీ. మగాళ్లని వరండా దాకే రానిస్తారు. మధ్యలో నాకు వస్తే ఎవర్ని అడగనండీ? ఏమని అడగను?"

మా పని రెండు రకాలు. మొదటిది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. భయంతో తప్పించుకుంటున్న వాటిని కొంచెం కొంచెంగా మళ్లీ చేయించడం. ఆయన విషయంలో దారిలో ఆగే చోట్లను వారానికొకటి తగ్గించాం. నాలుగో వారానికి ఎనిమిది నాలుగయ్యాయి. రెండోది హిప్నోథెరపీ. స్టేజీ మీద చేసేది కాదు. కళ్లు మూయించి, ఊపిరి నెమ్మదింపజేసి, పేగు ప్రశాంతంగా పనిచేస్తున్నట్టు ఊహింపజేస్తాం. నేను శిక్షణలో నేర్చుకున్న, రోగికి చదివి వినిపించే పాఠంలో ఒక నది ఉండేది. డెల్టా మనుషులకు బాగుంటుందని దాన్ని కాలువగా మార్చాను. ఆ మార్పు నాకు చాలా నచ్చింది కూడా.

ఐదో సెషన్లో ఆయన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టాను. మీ ముందు కాలువ నిండుగా, మెల్లగా పారుతోంది అన్నాను. ఆయన వేళ్లు కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాయి. కాసేపటికి కళ్లు తెరిచేశారు.

"ఏ కాలువండీ ఇది?"

ఏదైనా ఒకటి అనుకోమన్నాను.

"నిండుగా అంటున్నారు గదా, గట్టుకి ఇంకెన్ని అడుగులుందండీ?"

నా పాఠంలో గట్టే లేదు.

"నిండు కాలువ మీకు హాయిగా ఉంటదేమో బాబూ. నాకు గండి ఏ పక్క పడుద్దోనని ఉంటది. ఎత్తితే దిగువోళ్లు మునుగుతామంటారు, దించితే శివారోళ్లు ఎండుతున్నామని ఫోన్లు. కడుపులో అప్పుడే మొదలైపోయింది."

ఆయన బాత్రూముకి వెళ్లి వచ్చేదాకా నేను ఆయన ఫారం వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగు వారాలుగా ఆయన ఉద్యోగం అందులో మూడో గడిలో రాసే ఉంది.

తిరిగొచ్చాక, మీకు హాయిగా ఉండే కాలువ ఎలా ఉంటుందో మీరే చెప్పండన్నాను. వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేశాక అన్నారు. అడుగున బురద ఆరి పెచ్చులు లేస్తుందట. అక్కడక్కడా మడుగుల్లో గేదెలు పడుకుంటాయట. తలుపులన్నీ దించేసి, గేర్లకు గ్రీజు రాసి, లాకుల గోడ మీద కూర్చుంటారట. ఎవ్వరూ ఫోన్ చెయ్యరట. నేను రాసుకుంటూ, ఆ గోడ మీద మీ పక్కన ఎవరున్నారని అడిగాను.

"ఎవరూ లేరండీ."

"మీ ఆవిడ గారు?"

"ఉంటే చెప్పాలి గదండీ."

ఆయన ఏం చెప్పాలంటున్నారో అప్పుడు నాకు అర్థమైంది. పదకొండేళ్లుగా ఉన్న జబ్బు ఆమెకు తెలియదు. నెలకోసారి ఆమె వచ్చే ఆదివారం కోసం ఆయన ముందురోజే తిండి మానేసేవారు. అజీర్తి అని చెప్పేవారు. చర్చికి ఆమె ఒక్కతే వెళ్లేది.

తర్వాతి వారం ఆయన నా గదిలోంచే ఆమెకు ఫోన్ చేస్తానన్నారు. లాకుల దగ్గర ఎవరో ఒకరు వింటారట. నేను బయటికి వెళ్లబోతే కూర్చోమన్నారు. మొత్తం విషయం నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. పాత ఫోను, ఆమె మాట నాకూ వినపడుతోంది.

"ఇదా? కుంటిదాన్నయ్యాను, నా మొహం చూడబుద్ధి కాట్లేదేమో అనుకున్నా ఇన్నాళ్లూ."

ఆవిడే మళ్లీ అందుకుంది.

"గేటు దగ్గర వాచ్‌మన్ గదికి బాత్రూముంది. చెప్పి ఉంచుతాను."

"వాడికి చెప్తావా?"

"చెప్పకపోతే తాళం ఎట్టా ఇస్తాడు?"

ఆ ఆదివారం మోపెడ్ మీద బందరు వెళ్లారు. వరండాలో నలభై నిమిషాలు కూర్చున్నారు. వాచ్‌మన్ గదికి రెండుసార్లు వెళ్లారు. ఆమె కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చిందని తర్వాతి సెషన్లో చెప్పారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నారు. ఎండిన కాలువ పాఠాన్ని నా గొంతుతో రికార్డు చేసి ఇచ్చాను, బయల్దేరే ముందు వింటారు. నొప్పి తగ్గింది, పోలేదు. పోతుందని నేనూ చెప్పలేదు.

నేను రోజుకి ఎన్నిసార్లు బాత్రూముకి వెళతారో అడిగాను, నొప్పి పదికి ఎంతో అడిగాను, ఏం తిన్నారో, ఎంత నిద్రపోయారో అడిగాను. ఇలా ఉందని ఎవరికి చెప్పుకున్నారని అడగలేదు. వైద్యం అక్కడ మొదలుపెట్టి ఉంటే ఆమె ఐదు వారాలు తక్కువ బాధపడేది. ఇప్పుడు మొదటిరోజే ఆ ప్రశ్న అడుగుతున్నాను. సగానికి పైగా రోగులు తలుపు వైపు చూస్తారు.

ఈ అనుభవం రాస్తానని దేవసహాయం గారిని అనుమతి అడిగినప్పుడు, ఇంకెవరికైనా చెప్పారా అని కూడా అడిగాను. లేదన్నారు. బావమరిది ఇప్పటికీ అదే మాట అంటున్నాడు, ఆయన ఇప్పటికీ నవ్వి ఊరుకుంటున్నారు. ఆయన జబ్బు సంగతి తెలిసినవాళ్లు: డాక్టరు, నేను, సువార్తమ్మ గారు, హాస్టల్ వాచ్‌మన్. మొత్తం నలుగురు.