రెండున్నర కిలోల బిగువు

నా భార్య మిర్చిలో పడిన రోజు నుంచి మా ఇంట్లో సైకిల్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అంటే, నేను మాట్లాడటం లేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది.

జరిగింది చిన్న విషయమే. ఆమె సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కార్బన్‌ది. ఆ ఫోర్కు పైగొట్టాన్నీ హ్యాండిల్‌నీ కలిపి పట్టుకునే పిడికెడు ముక్కను స్టెమ్ అంటారు. దాన్ని బిగించింది నేను. కార్బన్ గొట్టాన్ని ఎక్కువ బిగిస్తే పగులుతుందని ఎక్కడో చదివి, భయపడి, మర్యాదగా, అడిగీ అడగనట్టు బిగించాను. పైగా గొట్టానికి నున్నగా గ్రీజు పూశాను. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ మీద నా పాఠం బాగుంటుందని పిల్లలంటారు.

వర్ధన్నపేట దారిలో ఒక మలుపు దగ్గర ఆమె హ్యాండిల్‌ను ఎడమకు తిప్పింది. హ్యాండిల్ తిరిగింది. చక్రానికి ఆ సంగతి తెలియలేదు. అది తన దారిన తాను తిన్నగా పోయి, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద ఆరబోసిన మిరపకాయల్లో ఆగింది. మిర్చి మెత్తగా ఉండటం వల్ల ఫోర్కు మీద గీత కూడా పడలేదు. మా ఆవిడకు మాత్రం మూడు రోజులు కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొదటి రోజు మిర్చి వల్ల. మిగిలిన రెండు రోజులు నన్ను చూడటం వల్ల.

మిర్చికి కాపలా ఉన్న పెద్దమ్మ ఆమెను లేపి, ముఖం మీద నీళ్లు కొట్టి అడిగిందట.

"గీ సైకిల్ ఎవలు బిగిచ్చిండ్రు బిడ్డా?"

"మా ఆయనే, పెద్దమ్మా."

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించిందట. "నీతోని మంచిగనే ఉంటడా?"

ఈ మాట మా బంధువర్గంలో నాలుగు జిల్లాల దాకా పోయింది.

మూడు వారాల తర్వాత మా ఆవిడ మళ్లీ అదే దారిన పోతానంది. ఆదివారం తెల్లవారుజామున, తన బడిలోని టీచర్లు నలుగురితో కలిసి, వర్ధన్నపేట దాకా. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"నేను హ్యాండిల్ తిప్పితే చక్రం గూడ తిరగాలె. గంతే. ఇంకే కోరికలు లేవు నాకు."

కోరిక చిన్నదే గానీ దానికి రెండు వైపులా గొయ్యి ఉంది. వదులుగా బిగిస్తే మళ్లీ మిర్చి. ఎక్కువ బిగిస్తే గొట్టం లోపల ఎక్కడో కనపడకుండా పగులుతుంది. ఇనుము అయితే వంగి, మూలిగి, ముందే చెబుతుంది. కార్బన్‌కు ఆ అలవాటు లేదు. బాగానే ఉన్నట్టు ఉండి, ఒకరోజు దిగుడులో ఠక్కున పోతుంది. అప్పుడు నేల మీదికి మొదట చేరేవి ముందు పళ్లు. ఆమెవి మంచి పళ్లు. పెళ్లిచూపుల్లో నేను మొదట చూసింది వాటినే.

స్టెమ్ మీద చిన్న అక్షరాల్లో ఐదు న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది. అంతే బిగించాలి, ఎక్కువా తక్కువా వద్దు అని. దానికి బిగువును కొలిచే టార్క్ రెంచ్ కావాలి. తెప్పించాను. శనివారం వస్తుందన్నది సోమవారం వచ్చింది. కాబట్టి శనివారం మధ్యాహ్నం నా చేతిలో ఉన్నవి బోల్టులు తిప్పే ఒక అలెన్ కీ, ఒక మీటరు స్కేలు, ఇరవై ఏళ్ల బోధనానుభవం. మూడోదాన్ని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు మా మామ కాటా గుర్తొచ్చింది.

మా మామకు కొత్తవాడలో నూలు దుకాణం ఉంది. జంపఖానాలు నేసేవాళ్లకు నూలు తూచి అమ్ముతాడు. దూలానికి ఒక స్ప్రింగు కాటా వేలాడుతూ ఉంటుంది. కింద కొక్కెం, పైన గుండ్రటి గాజు వెనక ముల్లు. నూలు కట్టను కొక్కేనికి తగిలించి, ముల్లు ఐదు మీదకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. వచ్చాక, పక్కనున్న బుట్టలోంచి ఇంకో చిన్న ఉండ తీసి పైన పడేస్తాడు. అది కొసరు. నలభై ఏళ్లలో ఆ కొసరు లేకుండా ఆయన చేతిలోంచి ఏదీ బయటికి పోలేదు. మా పెళ్లికి పెట్టిన బట్టల్లో ఒక తువ్వాల ఎందుకు ఎక్కువ వచ్చిందో నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

సైకిల్‌ను నడిపించుకుంటూ మేమిద్దరం దుకాణానికి పోయేసరికి మామ గల్లా దగ్గర ఉన్నాడు. నూలు కోసం వచ్చిన ఒక ముసలి నేత కార్మికుడు బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఏంది అల్లుడా, సైకిల్‌ను గూడ తూస్తవా ఏంది?"

"సైకిల్‌ను గాదు మామా. బోల్టును."

మామ లేచి వచ్చి, నేను స్టెమ్ ఊడదీస్తుంటే నల్లటి గొట్టాన్ని గోటితో గీకి చూశాడు. వెలుగు వైపు తిప్పాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది ఇనుము గాదే. గుడ్డ!"

చాయ్ తాగుతున్న ముసలాయన కూడా లేచాడు. "ఏదీ, సూడనియ్యి సేటు. అవ్, పడుగు, పేక కనవడ్తలేవా? మన నేతనే. గంజి వెట్టిండ్రు. జర గట్టిగనే వెట్టిండ్రు."

కార్బన్ గురించి ఇంత సరైన నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. దారాలు నేసి, జిగురు పెట్టి, ఆరబెట్టి గట్టిపరిచినదే అది. మామ నా వైపు జాలిగా చూశాడు.

"గుడ్డమీద నా బిడ్డను ఎక్కిచ్చి రోడ్డు మీదికి తోలుతాన్నవా?"

"నువ్వు తూస్తే ఏం గాదు మామా. ఐదు న్యూటన్ మీటర్లు బిగించాలె."

"గదెంత?"

అలెన్ కీకి ఒక పైపు తొడిగి, బోల్టు నడిమధ్య నుంచి సరిగ్గా ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఎర్రదారం కట్టి, అక్కడ కాటా కొక్కెం తగిలించి లాగితే ఎంత రావాలో లెక్కవేసి చెప్పాను.

"రెండున్నర కిలోలు."

"గట్ల చెప్పు మరి! కిలోలల్ల చెప్పకుంట ఊకె ఎవలెవలవో పేర్లు జెప్తవ్."

కాటాను దూలం మీంచి దించాడు. నాకు గుర్తున్నంతలో అది దిగడం అదే మొదటిసారి.

పని మొదలైంది. నా పాత గ్రీజును స్పిరిట్‌తో తుడిచాను. మా ఆవిడ దగ్గరుండి, నా పాపాలను కడుగుతున్నట్టు మూడుసార్లు తుడిపించింది. గ్రీజుకు బదులు సన్నటి ఇసుక కలిసినట్టుండే కార్బన్ పేస్టు పలుచగా పూశాను. గొట్టం నలగకుండా లోపలి నుంచి ఆనుకుని ఉండే బిళ్ల, సరిగ్గా స్టెమ్ పట్టుకునే చోటనే ఉందో లేదో చూశాను. స్టెమ్ ఎక్కించి, పైమూతను ఊగులాట పోయేంతవరకే తిప్పాను. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే ఎక్కడా టకటక లేదు. చక్రానికి సూటిగా హ్యాండిల్‌ను నిలబెట్టాను. ఇక మిగిలింది పక్కనున్న రెండు బోల్టులు. ఒకదాన్ని కొంచెం, రెండోదాన్ని కొంచెం, మళ్లీ మొదటిదాన్ని, అలా వంతులవారీగా పోవాలి.

నేను ఫ్రేము పట్టుకున్నాను. ఆమె హ్యాండిల్ పట్టుకుంది. కాటా మామ లాగాడు. ఆ కాటాకు ఇంకో చేయి తగలడం ఆయన ఒప్పుకోడు.

"ఒకటి," అన్నాడు ముసలాయన ముల్లు చూస్తూ. ఆయన్ను ఎవరూ అడగలేదు. "ఒకటిన్నర. రెండు. అగో, రెండున్నర!"

మొదటి బోల్టు అయింది. రెండోది. ఒకటి, రెండు, రెండున్నర. ముల్లు అక్కడ ముచ్చటగా నిలబడింది. నేను హమ్మయ్య అనుకునేలోపు మామ మణికట్టు దానంతట అది ఇంకొంచెం లాగింది. ముల్లు పోయి మూడును ముట్టుకుంది.

టిక్.

కొత్తవాడంతా ఒక్కసారి మగ్గాలు ఆపినట్టు అనిపించింది.

"బాపూ!" అంది మా ఆవిడ. "ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే బిడ్డా. జరంత కొసరు."

"కొసరా?"

"రెండున్నరకు రెండున్నరే ఇస్తె ఏం బాగుంటది? ఏమన్న అనుకోరా?"

"ఎవలు అనుకుంటరు బాపూ? బోల్టా?"

నేను బోల్టులు వదులు చేసి స్టెమ్ పైకి లాగాను. నల్లటి గొట్టం మీద, సరిగ్గా స్టెమ్ పట్టుకున్న చోట, వెంట్రుక లాంటి తెల్లటి గీత.

ఫోర్కు పోయింది, ఆదివారం పోయింది అనుకున్నాను. మా ఆవిడ గీతను చూసి, తండ్రిని చూసింది. మామ నూలు మూట మీద కూలబడ్డాడు.

"నా చేతులతోనే," అన్నాడు. "నా బిడ్డ పండ్లు నా చేతులతోనే..."

అప్పుడు ముసలాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, వంగి, చూపుడు వేలు నాలుకకు తడి చేసుకుని ఆ గీతను ముట్టుకున్నాడు. గీత ఆయన వేలికి అంటుకుని లేచి వచ్చింది. వెలుగులో పెట్టి చూశాడు.

"ఇరవై నంబర్," అన్నాడు.

నూలు పోగు. నంబరంటే దాని సన్నదనం లెక్క. దుకాణంలో ఎగురుతూ ఎగురుతూ వచ్చి పేస్టులో పడింది.

మామ మూట మీంచి లేచాడు. పోగును వేళ్ల మధ్య నలిపాడు. "నీ కండ్లు బోయినయా? పది నంబర్ ఇది."

"నేను నేసేటోన్ని సేటు. ఇరవై."

"నేను అమ్మెటోన్ని. పది!"

రెండు నిమిషాల పాటు వాళ్లిద్దరూ అరుచుకుంటుంటే మా ఆవిడ స్టెమ్ చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని పడీపడీ నవ్వింది. మూడు వారాల తర్వాత ఆ పళ్లన్నీ ఒక్కసారిగా చూశాను. అన్నీ ఉన్నాయి. టిక్కుమన్నది పేస్టులోని ఇసుక నలిగిన చప్పుడని నేను వివరించాను. ఎవరూ వినలేదు. ఫిజిక్స్‌కు అలవాటే.

అయినా వదల్లేదు. గొట్టాన్ని తుడిచి, టార్చి వేసి, గోటితో చుట్టూ తడిమాం. రూపాయి బిళ్లతో కొట్టి చూశాం. అంతటా ఒకే చప్పుడు, ఎక్కడా బొంగురు లేదు. మళ్లీ పేస్టు, మళ్లీ స్టెమ్, మళ్లీ పైమూత. ఈసారి మా ఆవిడ తండ్రి మణికట్టును రెండు చేతులా పట్టుకుంది.

"నేను ఆగు అంటె ఆగాలె."

"ఆగుత బిడ్డా."

"రెండు," అన్నాడు ముసలాయన. "రెండుంబావు. రెండు..."

"ఆగు బాపూ!"

ఆగాడు. ముల్లు రెండున్నర మీద ఉంది. మామ కొక్కెం తీసి, కాటాను ఒళ్లో పెట్టుకుని, ఎవరికో బాకీ పడ్డట్టు కూర్చున్నాడు.

"మనసున పడ్తలేదు," అన్నాడు. "కొలిచినట్టే ఇచ్చుడు... ఎట్లనో ఉన్నది."

ఆమె ముందుకు పోయి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను బలమంతా పెట్టి మెలితిప్పింది. హ్యాండిల్, చక్రం ఒకదాన్నొకటి విడవలేదు.

ఆదివారం తెల్లవారి ఐదున్నరకు ఆమె సైకిల్ బయటికి తీసేసరికి, గేటు ముందు మామ స్కూటర్ మీద ఉన్నాడు.

"వర్ధన్నపేటల ఒకాయినకు నూలు ఇచ్చేదున్నది," అన్నాడు.

"గింత పొద్దుగాలనా బాపూ?"

"ఆయినె పొద్దుగాల్నే లేస్తడు."

స్కూటర్‌కు తగిలించిన సంచిలో నూలు లేదు. కాటా ఉంది, అలెన్ కీ ఉంది. నన్ను వెనక ఎక్కమన్నాడు. ఐదు సైకిళ్ల వెనక, సైకిల్ వేగంతో, ఆ స్కూటర్ దారి పొడవునా దగ్గుతూ వచ్చింది. రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ మామ దిగకుండానే "ఉరుకు, బిడ్డ పోతాంది!" అన్నాడు. నేను దిగి తోశాను.

మలుపు వచ్చింది. టార్పాలిన్, మిర్చి, కాపలా పెద్దమ్మ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మా ఆవిడ హ్యాండిల్‌ను ఎడమకు తిప్పింది. చక్రం ఎడమకు తిరిగింది. చాలా మామూలు సంగతి. మామ హారన్ కొట్టడం మొదలుపెట్టి మలుపు దాటేదాకా ఆపలేదు.

పెద్దమ్మ తలెత్తింది. సైకిల్‌ను గుర్తుపట్టింది. స్కూటర్ వెనక ఉన్న నన్ను చూసి చేయి చాపింది.

"గీయిననేనా బిడ్డా, బిగిచ్చింది?"

"ఈపారి మా బాపు, పెద్దమ్మా!" అని ఆమె ఆగకుండానే అరిచింది.

మామ వెన్ను నిటారుగా అయింది. మిగతా దారంతా ఆయన వెనక నాకు గాలి తగల్లేదు.

వర్ధన్నపేటలో చాయ్ హోటల్ ముందు సైకిళ్లు ఆగగానే మామ కాటా తీశాడు. టీచర్లు నలుగురూ చుట్టూ చేరారు. కొక్కెం తగిలించి లాగాడు. ముల్లు రెండున్నర దాకా వచ్చింది. బోల్టు కదల్లేదు. ఒక్క క్షణం మణికట్టు ఆలోచనలో పడింది. కూతురి వైపు చూశాడు. వదిలేశాడు.

కాటాను సంచిలో పెట్టి, హోటల్ వైపు తిరిగి మమ్మల్ని లెక్కపెట్టాడు. మేం ఏడుగురం. ఎనిమిది చాయ్‌లు చెప్పాడు.