గొట్టం కింద క్యాలెండరు కాగితం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని బరువు నాకంటే మా నాన్న మీదే ఎక్కువ పడింది. అది అబద్ధమని కూడా ఆయనకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. పాప నిద్రపోయింది. కరెంటు ఉంది. ఇప్పుడు రాయకపోతే మళ్లీ నాకు ధైర్యం చాలదు.

మాది బర్మాలోని యాంగోన్, పాత పేరు రంగూన్. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న వడ్రంగి. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆయన ఒక షూటింగ్ క్లబ్బులో రైఫిళ్ల కొయ్య పని చూసేవారు. అక్కడే నేనూ గురి నేర్చుకున్నాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టార్గెట్ రైఫిల్ మా వానాకాలాన్ని తట్టుకోదు. చెమ్మకి కొయ్య ఉబ్బి ఇనుప గొట్టానికి తగులుతుంది. అప్పుడు ఎంత బాగా కాల్చినా తూటా ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. నాన్న ఆ కొయ్య గాడిని ఉలితో సన్నగా గీకి, గరుకు కాగితంతో రుద్ది, లోపల వార్నిష్ పట్టించేవారు. చివరికి గొట్టానికీ కొయ్యకీ మధ్య ఒక కాగితం ముక్క మడిచి దూర్చి, మొదటి నుంచి చివరి దాకా లాగేవారు. ఎక్కడా పట్టుకోకుండా జారితే పని అయినట్టు. ఆ కాగితం ఎప్పుడూ మా ఇంటి తెలుగు క్యాలెండరుదే. గడిచిపోయిన రోజు తాలూకు కాగితం చింపి జేబులో పెట్టుకుని వెళ్లేవారు. క్లబ్బులో తెలుగు అక్షరాలున్న కాగితం ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఆ ఏడాది క్లబ్బు జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికి నేనూ, సూసూ అనే నా స్నేహితురాలూ పోటీ. ఎంపిక పోటీకి ముందు రోజు నాన్న సూసూ రైఫిల్ సరిచేశారు. ఆ మధ్యాహ్నం ఆమె పది తూటాలూ చొక్కా గుండీ అంత చోటులో పడ్డాయి. నావి అరచేయంత మేర చెదిరాయి. నా రైఫిల్ కూడా ఆయన చేసిందే. లోపం నా చేతిలో ఉందని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు తోచింది వేరు: మా నాన్న ఆ పిల్ల కోసం ఇంత బాగా చేశారేమిటి?

సాయంత్రం ఆఖరిసారి సరిచూడడానికి ఆయన సూసూ రైఫిల్ గొట్టం కింద కాగితం లాగి, చూసి, బల్ల మీద పడేశారు. నా కళ్లతో చూశాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే దాన్ని తీసి ఇంకో రెండు మడతలు పెట్టి, సూసూ రైఫిల్ గొట్టం కింద స్కేలుతో లోపలికి నెట్టాను. ఎంతసేపు పట్టింది? చేతులు కడుక్కునేంత సేపు. అంతే.

మర్నాడు సూసూ తూటాలు చెల్లాచెదురయ్యాయి. చోటు నాకు వచ్చింది. ఏడుస్తూనే ఆమె రైఫిల్ విప్పించమంది. అందరి ముందూ కాగితం బయటపడింది. క్లబ్బు సెక్రటరీ దాన్ని వేళ్లతో ఎత్తి పట్టుకుని, నవ్వుతూ నాన్నతో బర్మీస్‌లో అన్నాడు. బర్మీస్‌లో 'ఊ' అంటే 'గారు'.

"ఏం ఊ అప్పన్నా, ఇకనుంచి మా పిల్లలు మీ తిథులు చూసుకుని కాల్చాలా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అడిగారు.

"ఏటే అమ్మా, నేను తీసీసినాను కదేటి? నువ్వు పక్కనే ఉన్నావు. సూసినావా?"

"నేను చూడలేదు నాన్నా."

"సూడలేదా?"

"లేదు నాన్నా. మర్చిపోయుంటావు."

ఆయన నన్ను చూశారు. అనుమానంతో కాదు. అనుమానించి ఉంటే బాగుండేది. నన్ను నమ్మి, తనను తాను నమ్మడం మానేశారు. "అవునే, మరిసిపోయుంటాను," అన్నారు. క్లబ్బు వాళ్లు ఆయన్ని ఇక రావద్దన్నారు. సూసూ మళ్లీ రైఫిల్ పట్టలేదు.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? భయం. తర్వాత ఎందుకు చెప్పలేదు? తర్వాత అనేది రోజూ ఇంకొంచెం ఆలస్యమవుతూ పోయింది. ఈలోగా నాన్న తాళం వేసి నాలుగుసార్లు వెనక్కి వచ్చి లాగి చూసే మనిషి అయిపోయారు. నది అవతలి దలాకి వెళ్లే ఫెర్రీలో తన చిన్నప్పుడు పడవ నడిపే ఏ సరంగు ఎక్కడ నిలబడేవాడో చెప్పగలరు. నాకు ఏ వయసులో ఏ టీకా వేయించారో చెప్పగలరు. కానీ స్టవ్ ఆపారో లేదో తన మాట తనే నమ్మరు.

ఇప్పుడు మా పాపకి ఎనిమిది నెలలు. "దాన్ని నా మీద ఒగ్గీసి ఎల్లకమ్మా, నా బుర్ర మంచిది కాదు," అంటారు. పక్కింటావిడ చూసుకుంటుంది. మొన్న ఆవిడ ఊళ్లో లేదు, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, నాకు ఆఫీసు తప్పలేదు. రెండు గంటల కోసం నాన్న దగ్గర వదిలి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నాన్న పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. నీళ్లు మరిగించారట. మరిగించానా లేదా అని అనుమానం వచ్చి పాలు పారబోశారట. మళ్లీ కలిపారట, మళ్లీ పారబోశారట. డబ్బాలో పాలపొడి అయిపోయింది. గిన్నె మీద ఆవిరి ఇంకా ఉంది. "సూడమ్మా, ఇవి మరిగినాయా? నువ్వు సెప్పు," అన్నారు.

మరిగాయి నాన్నా అన్నాను. నా మాట వెంటనే నమ్మేశారు. అదే నన్ను కోసేసింది.

రేపు ఆయనతో చెప్పాలి. ఆయన క్షమిస్తారో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు కూడా నాకు లేదు. ఒకవేళ ఆ బుర్ర నిజంగానే మెత్తబడి ఉంటే, నా మాటతో అది తిరిగి రాదు. నన్ను నమ్మడం కూడా మానేస్తే ఆయనకి ఇక మిగిలేదేమిటి? ఆ ప్రశ్న దగ్గరే ఇన్నేళ్లూ ఆగిపోయాను. అయినా కనీసం ఒక్కచోట, ఒక్క మనిషి ముందు, ఉన్నది ఉన్నట్టుగా చెప్పుకోవాలి. ఇదిగో, చెబుతున్నాను. 

మా నాన్న మర్చిపోలేదు.