గజ్జెలు విప్పని దండాసి

తన గొంతు మీద దండాసికి ఉన్నంత నమ్మకం అమ్మవారి మీద కూడా లేదని రంగూనులోని అహ్లోన్ కూలీలైనులో అందరూ అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడే తప్ప కాదనేవాడు కాదు. కుర్రతనంలో బారువ రేవులో ఓడెక్కి రంగూను వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్క జముకు. ఒక పక్క తోలు మూసిన చిన్న వాయిద్యం అది. లోపలి నరం మీటితే తుమ్మెదలా రొద చేస్తుంది. పగలంతా బియ్యం మిల్లులో బస్తాలు మోసి, పొద్దు వాలగానే దాన్ని చంకన పెట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని నీలమ్మ తల్లి కథ ఎత్తుకునేవాడు.

కూలీలతో పాటు ఓడెక్కి, తుపానుకు ఎదురు నిలిచి, రంగూను రేవులో దిగిన తల్లి కథ అది. దండాసే సొంతంగా కట్టాడు. ఆయన ఒక చరణం పాడగానే పక్కన నిలబడ్డ యర్రయ్య "వత్తంది తల్లీ వత్తంది" అని వంత పాడేవాడు. వంత పడితేగాని కథ ముందుకు కదలదు. ఆ రోజుల్లో ఊరికి ఆ చివరున్న బోటాటౌంగ్ నుంచి కూడా రేవు కూలీలు పనిగట్టుకుని నడిచొచ్చి వినేవారు.

తర్వాత అరవైల్లో బర్మా దేశం తలుపులు మూసుకుంది. దుకాణాలు సర్కారు పరమయ్యాయి. మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కారు. యర్రయ్య కూడా వెళ్ళిపోయాడు. రేవు నుంచి తిరిగొచ్చిన దండాసి జముకును చూరుకు తగిలించేశాడు. "ఇంకెవులున్నారు నాకు వంత పట్టడానికి? ఈ గుంటలకి తెలుగొత్తదా ఏటి?" అని విసుక్కునేవాడు. లైనులో పిల్లలు సగం బర్మా మాట, సగం మన మాట కలిపి మాట్లాడుతుంటే ఆయనకు ఒళ్ళు మండేది. అయినా కథ మరిచిపోతానేమోనని రోజూ ఇంట్లో కూర్చుని పాడుకునేవాడు. వంత రావలసిన చోట కాసేపు ఆగి, మళ్ళీ తనే అందుకునేవాడు. గదికీ గదికీ మధ్య వెదురు తడకలే గోడలు కాబట్టి ఆ పాట లైనంతటికీ వినిపించేది. భార్య చిన్నమ్మి పొయ్యి ఊదుకుంటూ వినేది. ఏనాడూ బాగుందని గానీ, చాలించమని గానీ అనలేదు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో అమ్మవారి పండక్కి, కిరాణా కొట్టు ధర్మరాజు పట్టుబట్టి తామ్వే పేట నుంచి వెంకటరాజు అనే పాటగాణ్ణి వంతకు తీసుకొచ్చాడు. దండాసికి ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ గజ్జెలు కట్టాడు. ఈ కథకు ఒక కట్టుబాటుంది. మొదలుపెట్టాక తల్లి ఒడ్డు చేరేదాకా కథకుడు గజ్జెలు విప్పకూడదు. మూడు సాయంత్రాల్లో ముగిసే కథకు అదేమంత కష్టం కాదు.

మొదటి సాయంత్రం ఓడను నడిసంద్రం దాకా తీసుకెళ్ళి, తుపాను లేపి, మిగతాది రేపన్నాడు. ఆ రేపు సర్కారు దిగిపోవాలంటూ ఊరంతా రోడ్డెక్కింది. విద్యార్థులు, రేవు కూలీలు, కాషాయ బట్టల సన్యాసులు అందరూ కలిసి నడిచారు. ఆపైన తుపాకులు మోగాయి. వెంకటరాజు హడలిపోయి పెళ్ళాంబిడ్డలతో ఏదో పల్లెకు పారిపోయాడు. సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కి, ఐదుగురు ఒకచోట చేరితే ఊరుకోమని మైకుల్లో చాటించింది.

వంత పట్టేవాడు లేక తల్లి నడిసంద్రంలో ఉండిపోయింది. దండాసి గజ్జెలతో ఉండిపోయాడు. బియ్యం వరసలో నిలబడినా, నీళ్ళకు వెళ్ళినా, పక్క మీద అటు నుంచి ఇటు దొర్లినా ఘల్లుమనడమే. చిన్నమ్మి వాటి మీద పాతగుడ్డలు చుట్టింది గానీ అవి నాలుగడుగులకే జారిపోయేవి.

"విప్పీ దండాసీ. అమ్మ తప్పట్టుకోదులే" అన్నాడు ధర్మరాజు.

"అమ్మ పట్టుకోదు. నాను పట్టుకుంతాను" అన్నాడు దండాసి.

పైకి అలా అన్నాడే గానీ లోపల భయం తొలిచేస్తోంది. దగ్గు ముదిరింది. కథ ఇలా సగంలో ఉండగా తను పోతే, తల్లిని నీళ్ళలో వదిలేసి పోయినవాడనే పేరు మిగిలిపోతుంది. బతుకంతా పాడిన పాటకు అదా ఫలితం?

ఒకరోజు మిల్లు రోడ్డు మలుపులో సైనికులు ఆపారు. లుంగీ అంచు కింద గలగల విని, ఒక కుర్ర సైనికుడు తుపాకీ గొట్టంతో గుడ్డలు పక్కకు తోశాడు. "ఏమిటివి? తీసెయ్" అన్నాడు.

దండాసి బర్మా భాషలో వివరంగానే చెప్పాడు. "దేవత సముద్రం మీద ఉంది నాయనా. ఒడ్డు చేరేదాకా తియ్యను. కాలుస్తానంటే కాల్చు."

కుర్రాడు గొట్టం పైకెత్తాడు. పక్కనున్న ముసలి సార్జెంటు గబుక్కున దాన్ని కిందికి నొక్కాడు. "నాట్‌ల జోలికి పోకు" అని గదమాయించాడు. నాట్‌లంటే అక్కడి ఊరిదేవతలు. సైనికుడైనా వాటికి జడవాల్సిందే. దండాసిని పొమ్మన్నాడు.

ఆయన నేరుగా ఇంటికొచ్చి, చూరు మీంచి జముకు దింపాడు. ఇంకా పట్టపగలే. "వంత లేపోతే పోనాది. ఇయ్యాల తల్లిని దించీసినాకే మెతుకు ముడతాను" అన్నాడు.

తుపాను చరణం ఎత్తుకున్నాడు. చివరికొచ్చేసరికి గొంతు జీరబోయింది. వంత చోటు వచ్చింది. అలవాటుగా ఆగాడు. మళ్ళీ తనే అందుకుందామంటే ఈసారి ఊపిరి చాలలేదు.

పొయ్యి దగ్గర నుంచి సన్నగా వినిపించింది. "వత్తంది తల్లీ వత్తంది."

దండాసి నోరెళ్ళబెట్టి చూశాడు. "ఒలే, నీకొచ్చునేటి?"

"ఇన్నేల్లు సెవిలో ఇల్లు కట్టుకుని పాడినావు. రాక సస్తాదా? ఆగకు మావా, అమ్మ తడిసిపోతంది."

ఆయన రెండో చరణం అందుకున్నాడు. ఈసారి చిన్నమ్మి గొంతుతో పాటు తడక అవతల నుంచి పొరుగింటి కోటేశ్వరి గొంతు కలిసింది. మూడో చరణానికి ఇవతలి తడక పలికింది. తర్వాత దాని పక్క గది, దాని పక్కది. తెలుగు రాదని తను ఈసడించిన పిల్లలంతా బర్మా యాసతో, ఒక్క మాట పొల్లుపోకుండా వంత పాడుతున్నారు. ఎవరూ గడప దాటలేదు. ఎవరింట్లో వాళ్ళు కూర్చునే ఓడను తోస్తున్నారు. దండాసికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. దగ్గు ఏమైపోయిందో! గొంతు కుర్రతనంలోలా కంగుమంది. ఆయన లేచి గజ్జెలు ఘల్లుఘల్లుమనిపిస్తూ ఆడాడు. సందు మొగలో సైనికుల బండి ఆగింది. వాళ్ళు తొంగిచూస్తే సందులో పిట్ట లేదు, పాట మాత్రం హోరెత్తిపోతోంది. ఎవర్ని పట్టుకోవాలో తోచక బండి తిప్పుకుని పోయారు. తల్లి రంగూను రేవులో కాలు పెట్టింది. లైనంతా గొల్లున కేకలేసింది. చిన్నమ్మి వంగి మొగుడి కాళ్ళ గజ్జెలు విప్పింది.

మర్నాడు వార్డు అధికారి వచ్చి గుమ్మంలో నిలబడి బర్మా భాషలో అడిగాడు.

"ఊ దండాసీ, నిన్న ఇక్కడ సభ జరిగిందట. ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరమే బాబూ. నేనూ, నా భార్యా."

"మరి అన్ని గొంతులు వినిపించాయటగా! ఎవరివవి?"

రెండు పక్కలా తడకల వెనక లైనంతా వింటోందని దండాసికి తెలుసు. వాళ్ళందరికీ వినపడేలా, కథ చెప్పే గొంతుతోనే జవాబిచ్చాడు.

"నా గొంతులే."